ఒక్క డమ్మీ కారినా ఇంజన్ దించాల్సిందే

పాత అంబాసిడర్ ఇంజన్ బ్లాక్ పక్కన తుప్పురంగు చార ఒకటి కనిపిస్తే చాలు, చుట్టూ చేరినవాళ్ళంతా ఒకటే మాట చెబుతారు. కారేది ఒక్క కోర్ ప్లగ్గే, అదే షెడ్డు భాషలో డమ్మీయే కదా, దాన్ని మార్చి బండి పంపించెయ్యమంటారు. చెయ్యి అందేచోటే ఉంది కాబట్టి పూట పని అంటారు. నా సలహా దీనికి పూర్తిగా ఎదురు. కారేది ఒక్కటే అయినా, అది చేతికి అందేదే అయినా, బానెట్ ఊడదీసి ఇంజన్ దించండి. బ్లాక్‌లో ఉన్న ప్లగ్‌లన్నీ పీకండి, అన్నీ కొత్తవి దిగ్గొట్టండి. ఈ మాటకి షెడ్డులో మెచ్చుకోలు దొరకదు. "ఒక్క డమ్మీకి ఇంజన్ దించుతారా సార్ ఎవరైనా?" అని మెకానిక్ అడుగుతాడు. దించాలి. దించనివాళ్ళ వల్లే ఎన్నో మంచి ఇంజన్లు పాత ఇనప సామాన్ల కొట్టుకి చేరాయి.

ముందు కోర్ ప్లగ్ అనే ఆ మూత బ్లాక్‌లో ఎందుకుందో చూద్దాం. బ్లాక్ పోత పోసేటప్పుడు సిలిండర్ల చుట్టూ నీళ్ళు తిరిగే ఖాళీ రావాలంటే, ఆ ఖాళీ ఆకారంలోనే ఇసుక దిమ్మ చేసి అచ్చులో నిలబెడతారు. ఆ దిమ్మ కదలకుండా ఉండడానికి ఆధారం కావాలి, ఇనుము గట్టిపడ్డాక ఇసుక బయటికి రావడానికి దారి కావాలి. అందుకని బ్లాక్ గోడల్లో గుండ్రటి కన్నాలు మిగులుతాయి. వాటిని నున్నగా తొలిచి పలచటి రేకు మూతలు దిగ్గొడతారు. షెడ్డుల్లో డమ్మీ అనేది ఈ మూతనే. చలిదేశాల్లో లోపలి నీళ్ళు గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బినప్పుడు ఒక్కోసారి ఈ మూత బయటికి తోసుకొస్తుంది. అప్పుడు బ్లాక్ బతికిపోతుందని అక్కడివాళ్ళలో చాలామంది నమ్మకం. కానీ మూత ఊడిన తర్వాత కూడా పగిలిన బ్లాక్‌లు ఎన్నో ఉన్నాయి. మనకి ఆ బెడద లేదు. లంబసింగిలో తెల్లవారుజామున పూరిపాకల మీద మంచు పేరుకుంటే అది పేపర్లో వార్త. మన దగ్గర డమ్మీని తినేది చలి కాదు, తుప్పు.

నేను మాట్లాడుతున్నది 1489 సీసీ బీఎంసీ బీ-సిరీస్ పెట్రోల్ ఇంజన్ ఉన్న అంబాసిడర్ గురించి. బ్రిటన్‌లో పుట్టి, పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపర ఫ్యాక్టరీలో దశాబ్దాల పాటు తయారైన ఇంజన్ అది. ఆ ఫ్యాక్టరీ 2014 మేలో ఆగిపోయింది. బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. ప్రీమియర్ పద్మిని ఉన్నవాళ్ళకి కూడా ఇక్కడ చెప్పేవి దాదాపు అన్నీ వర్తిస్తాయి. కాకపోతే దాని హెడ్డు అల్యూమినియం, వేడెక్కితే ఇంకా తొందరగా వంగుతుంది.

పోత ఇనుము గోడ కొన్ని మిల్లీమీటర్ల మందం ఉంటుంది. డమ్మీ రేకు మందం మిల్లీమీటరు, ఆ పైన కాస్త. రెంటినీ తడిపేది ఒకే నీళ్ళు, రెంటినీ తినేది ఒకే తుప్పు. పలచనిది ముందు చిల్లు పడుతుంది, అంతే తేడా. కాబట్టి బయట కనిపించే ఆ చుక్క లోపల ఏళ్ళ తరబడి సాగుతున్న పనికి మొదటి సాక్ష్యం. పైగా డమ్మీ ఎప్పుడూ లోపలివైపు నుంచే తరుగుతుంది. బయట రంగు నిగనిగలాడుతుంటుంది, వెనక రేకు కాగితమై ఉంటుంది. ఒకే రోజు వేసిన, ఒకే నీళ్ళలో నానిన నాలుగైదు మూతల్లో ఒకటి చిల్లుపడిందంటే మిగిలినవి ఏ స్థితిలో ఉంటాయో వేరే చెప్పాలా? కారినదాన్ని మార్చి, రేడియేటర్ మూత మళ్ళీ గట్టిగా బిగించగానే, లోపలి ఒత్తిడి తర్వాతి పలచటి చోటు వెతుక్కుంటుంది. అది రాత్రిపూట హైవే మీద నార్కట్‌పల్లి దాటాక దొరికితే అప్పుడు పూట పని అన్నవాడు పక్కన ఉండడు.

ఇక దారిలో దొరికే వైద్యాలు. రేడియేటర్లో పసుపు పొయ్యమంటారు. మన డ్రైవర్లు తరతరాలుగా చేస్తున్న పని ఇది. సన్నటి చిల్లు దగ్గర పసుపు పేరుకుని కాసేపు కారడం ఆగుతుంది కూడా. కానీ చిల్లు దగ్గర పేరుకునే ఆ ముద్దే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది. సీసాల్లో అమ్మే లీక్ ఆపే మందులదీ అదే దారి. ఎం-సీల్ కలిపి బయటినుంచి అద్దేవాళ్ళున్నారు. నూనె చెమ్మ, తుప్పు ఉన్న రేకు మీద అది పట్టదు. పట్టినా, ఇంజన్ వేడెక్కీ చల్లారీ వ్యాకోచించే ప్రతిసారీ అంచు వదులుతుంది. మధ్యలో బోల్టు తిప్పితే ఉబ్బే రబ్బరు ప్లగ్‌లు కూడా దొరుకుతాయి. వాటి పని బండిని షెడ్డు దాకా చేర్చడం, అక్కడితో సరి. రబ్బరు ప్లగ్ వేసిన బండిలో పిల్లల్ని ఎక్కించుకుని తిరుపతి బయల్దేరేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది.

ఇంజన్ ఎందుకు దించాలో ఇప్పుడు చెబుతాను. అందరూ కొట్టిపారేసే సలహా ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి.

బోరు నీళ్ళు రోజూ కాచే బిందె అడుగున తెల్లటి పెచ్చు ఎలా కడుతుందో, సిలిండర్ల చుట్టూ అలాగే కడుతుంది. దానికి తుప్పు పొడి కలుస్తుంది. అప్పుడప్పుడూ పోత నాటి ఇసుక, ఆ ఇసుకని నిలబెట్టిన ఇనప తీగ ముక్కలు కూడా కలుస్తాయి. నీళ్ళ పంపు ముందువైపు ఉంటుంది కాబట్టి అక్కడ ప్రవాహం బలంగా ఉంటుంది. వెనక సిలిండర్ల దగ్గరికి వచ్చేసరికి నెమ్మదిస్తుంది. ఒండ్రు అంతా అక్కడే, అట్టడుగున దిగుతుంది. ఆ ఒండ్రు చేరినచోట నీళ్ళు సిలిండర్ గోడని తాకవు. టెంపరేచర్ గేజ్ ముల్లు మాత్రం మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే గేజ్ కొలిచేది ముందుభాగంలో పైన ఉన్న నీళ్ళ వేడిని. నాలుగో సిలిండర్ ఒంటరిగా కాలుతుంటే దానికి తెలియదు. బండి ఎత్తు ఎక్కేటప్పుడు టకటకా కొట్టడం, వెనక సిలిండర్ దగ్గరే హెడ్ గ్యాస్కెట్ మళ్ళీ మళ్ళీ పోవడం లాంటివాటికి చాలాసార్లు మూలం ఈ ఒండ్రే. మెకానిక్ కార్బురేటర్ విప్పుతాడు, టైమింగ్ సరిచేస్తాడు, గ్యాస్కెట్ మారుస్తాడు. ఒండ్రు మాత్రం అక్కడే ఉంటుంది.

ఇంజన్ బండిలో ఉండగా పక్కనున్న ఒక్క కన్నం తెరిస్తే ఆ ఒండ్రుని చూడగలరు, తియ్యలేరు. వేలు పెట్టే చోటు ఉండదు, తీగ తిప్పే చోటు ఉండదు. సైలెన్సర్ మానిఫోల్డో, స్టార్టర్ మోటరో, స్టీరింగ్ సామానో అడ్డు వస్తుంది. పైగా చాలా పాత ఇంజన్లలో ఒకటో రెండో ప్లగ్‌లు బ్లాక్ వెనకవైపు, గేర్‌బాక్స్‌కీ ఇంజన్‌కీ మధ్య ప్లేటు చాటున ఉంటాయి. ఒండ్రు ఎక్కువ దిగేదీ ఆ వైపే, ముందు తుప్పు పట్టేదీ ఆ వైపే. గేర్‌బాక్స్ విడదీస్తే తప్ప దాన్ని చూసే దారి లేదు. చేతికందే మూతలు మార్చి దాన్ని వదిలేసిన పనికి నేనైతే డబ్బులివ్వను.

అంబాసిడర్‌లో ఇంజన్ దించడం మనవాళ్ళకి కొత్త విద్య కాదు. బానెట్, రేడియేటర్, గొట్టాలు, వైర్లు, సైలెన్సర్ పైపు, మౌంటింగులు విప్పి చైన్ బ్లాక్‌తో లేపుతారు. ఇప్పటి కార్లలో లేనంత ఖాళీ అందులో ఉంది. చైన్ బ్లాక్ తగిలించేది ఇనప దూలమో గట్టి స్టాండో కావాలి. షెడ్డు ముందు వేపచెట్టు కొమ్మకి కడతామంటే ఒప్పుకోకండి. వేలాడే ఇంజన్ కింద చెయ్యి కూడా పెట్టనివ్వకండి. దించిన ఇంజన్‌ని నేల మీద కాకుండా బల్ల మీద పెట్టించండి. అప్పుడు క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, వెనకవైపు ఆయిల్ చెమ్మ, అరిగిన మౌంటింగ్ రబ్బర్లు అన్నీ ఒకేసారి కళ్ళబడతాయి. వీటిలో ఒక్కొక్కదానికీ విడివిడిగా విప్పుడు కూలి ఇచ్చే బదులు, ఒక్క డమ్మీ పుణ్యాన అన్నీ చూసుకోవచ్చు.

మొత్తం విప్పకముందు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే లోపలి నీళ్ళు వదిలెయ్యండి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే ఒత్తిడిలో ఉన్న నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి ఎగదన్నుతాయి. రేడియేటర్ కిందనున్న ట్యాప్ తిప్పితే సరిపోదు, బ్లాక్‌కి కూడా ఒక డ్రెయిన్ ట్యాప్ ఉంటుంది. దాన్ని తిప్పితే పాత బండ్లలో తరచుగా ఒక్క చుక్క కూడా రాదు. అంటే బ్లాక్ ఖాళీగా ఉందని కాదు, ట్యాప్ వెనక బురద గట్టిపడిందని. తీగతో పొడిచి చూడండి. ఇంజన్ దించాలా వద్దా అని ఇంకా తటపటాయించేవాళ్ళకి ఆ తీగ మీద అంటుకొచ్చేదే జవాబు.

డమ్మీ పీకడంలో ఒక ఒడుపుంది. మొద్దు డ్రిఫ్టుని మూత అంచుకి కాస్త లోపలగా, ఒక పక్కన ఆనించి సుత్తితో కొట్టాలి. కొట్టినవైపు లోపలికి దిగి, ఎదురువైపు బయటికి లేస్తుంది. మూత అడ్డంగా తిరగ్గానే పెద్ద ప్లయర్‌తో పట్టుకుని, బ్లాక్ అంచు గీసుకోకుండా కింద చెక్కముక్క పెట్టి, సన్నగా తిప్పుతూ లాగాలి. మధ్యలో సూది ఉలి పెట్టి బలంగా కొట్టేవాణ్ణి వెంటనే ఆపండి. ఆ మూతకి కాస్త వెనకే సిలిండర్ గోడ ఉంది. రేకుని చీల్చిన ఉలి దాన్ని తాకితే ఇంజన్ బాగుచెయ్యబోయి చంపినట్టే. మూత ఊడి లోపలికి పడిపోతే "ఉండనివ్వండి సార్, ఏం కాదు" అంటారు. ఉండనివ్వకండి. అది నీళ్ళ దారికి అడ్డం పడుతుంది. కొక్కెం తీగతోనో అయస్కాంతంతోనో పైకి తీయించాకే తర్వాతి పని.

పీకిన ప్రతి మూతనీ కడిగి, ఏ కన్నంలోదో గుర్తుపెట్టి వరసగా పెట్టించుకోండి. లోపలివైపు గుంటలు ఎక్కడ లోతుగా ఉన్నాయో చూడండి. సాధారణంగా కింది అర్ధభాగంలో, బురద ఆనుకున్న చోట ఉంటాయి. బ్లాక్‌ని ఏ వైపు ఎక్కువ గోకాలో ఆ వరసే చెబుతుంది.

గోకడానికే ఎక్కువ సమయం పెట్టండి. అన్ని కన్నాలూ తెరిచాక వంచిన తీగలు, సన్నటి స్క్రూడ్రైవర్, పొడవాటి బ్రష్‌లతో లోపలి మూలమూలా కెలికి, ఒకవైపు నుంచి నీళ్ళ పైపు పెట్టి ఇంకోవైపు నుంచి బయటికి వచ్చేలా కడగాలి. వచ్చే నీళ్ళు తేటపడేదాకా ఆపకూడదు. ఘాటు యాసిడ్ పోస్తే గంటలో అయిపోతుందని ఎవరో ఒకరు అంటారు. యాసిడ్‌కి తుప్పూ ఇనుమూ ఒకటే, రెంటినీ తింటుంది. ఇప్పటికే పలచబడిన సిలిండర్ గోడ మీద ఆ ప్రయోగం వద్దు. కడగడం అయ్యాక మూత కూర్చునే కన్నం అంచుని సన్న ఎమ్రీతో చుట్టూ తిప్పుతూ మెరిసేదాకా రుద్దండి. అడ్డగీతలు పడితే ఆ గీత వెంటే నీళ్ళు వస్తాయి.

ఇప్పుడు కొత్త మూతలు. సికింద్రాబాద్ రాణిగంజ్‌కి వెళ్ళినా విజయవాడ ఆటోనగర్‌కి వెళ్ళినా కొట్టువాడు ఇత్తడివి చూపిస్తాడు. తుప్పు పట్టవు, జీవితాంతం పనికొస్తాయి అంటాడు. తెలిసినవాళ్ళంతా ఇత్తడే వెయ్యమంటారు. నేను ఇనప రేకువే వెయ్యమంటాను. కొట్టువాడు చెప్పినదాంట్లో అబద్ధం లేదు, ఇత్తడి తుప్పు పట్టదు. నా భయం సరిగ్గా అక్కడే. మూత తుప్పు పట్టకపోయినంత మాత్రాన బ్లాక్ తుప్పు మానదు. ఇత్తడి మూతలున్న బండిలో కూలెంట్ మార్చడం మరిచిపోయి, ఏళ్ళ తరబడి బోరు నీళ్ళే పోసుకుంటూ పోతే బయట ఒక్క చుక్క కనిపించదు. లోపల నీళ్ళ పంపు రెక్కలు కరిగిపోతాయి, ఒండ్రు దిగుతుంది, సిలిండర్ గోడలు పలచబడతాయి. ఒక రోజు ఆ గోడే చిల్లు పడుతుంది. దానికి కొట్లో దొరికే మూత ఉండదు. ఇనప డమ్మీ ఇంజన్ మొత్తంలో అతి చవకైన ముక్క, అన్నిటికంటే ముందు పోయేది అదే అయితే మీకు కబురు వేళకి అందుతుంది. కూలెంట్ సక్రమంగా చూసుకునే ఇంట్లో ఇనప మూత కూడా చాలా ఏళ్ళు ఉంటుంది. చూసుకోని ఇంట్లో అది త్వరగా కారాలనే నా కోరిక.

కొలత విషయంలో మాత్రం పట్టుదల కావాలి. ఈ ఇంజన్ కొలతలు అంగుళాల్లో ఉంటాయి. దగ్గరదగ్గరగా ఉన్న మిల్లీమీటర్ల మూత ఇచ్చి "సరిపోతుంది, కొట్టెయ్యండి" అంటారు. ఈ మూత నిలబడేది కన్నం కన్నా వెంట్రుకవాసి పెద్దగా ఉండడం వల్ల వచ్చే బిగువు మీద. లక్కలాంటి సీలెంట్ ఎంత పూసినా వదులు మూతని ఆపలేదు. వెర్నియర్‌తో కన్నాన్ని రెండు వైపులా కొలిచి, పాత మూతనీ వెంట తీసుకెళ్ళి కొనండి.

వెయ్యడంలో రెండు రకాలున్నాయి, రెంటికీ ఒకటే దెబ్బ పనికిరాదు. పళ్ళెంలా కొంచెం ఉబ్బుగా ఉండే రకాన్ని ఉబ్బు బయటికి ఉండేలా మెట్టు మీద కూర్చోబెట్టి, మధ్యలో మొద్దు డ్రిఫ్టుతో ఒక్క లెక్కైన దెబ్బ వెయ్యాలి. ఉబ్బు కాస్త అణగి అంచు చుట్టూ వెడల్పై బిగుస్తుంది. ఎక్కువ కొట్టి గుంట చేస్తే అంచు మళ్ళీ లోపలికి వచ్చేస్తుంది. గిన్నెలా లోతుగా ఉండే రకానికి అంచు మీద దెబ్బ పడకూడదు. నీళ్ళని ఆపేది ఆ అంచే, అది వంగితే పని చెడినట్టే. గిన్నె లోపల బిగువుగా పట్టే సాకెట్ ఒకటి వెతికి, అడుగు మీద ఆనించి, నిటారుగా కొట్టుకుంటూ పోవాలి. అంచు బ్లాక్ ఏటవాలు కంటే కొంచెం కిందికి దిగగానే ఆపాలి. సీలెంట్ కన్నం అంచుకి పలచగా ఒక్క పూత చాలు. ముద్దగా పూస్తే మిగిలింది లోపలికి జారి, ఇంత కష్టపడి కడిగిన చోటే చేరుతుంది. మూత వంకరగా దిగితే పక్కనుంచి కొట్టి సరిచెయ్యనివ్వకండి, పీకేసి ఇంకోటి వేయించండి. అందుకే కొనేటప్పుడే రెండు ఎక్కువ కొనాలి.

ఇంజన్ ఎక్కించేముందు ఇంకొకటి చూడండి. మన దగ్గర పాత బండ్లలో చాలావాటికి థర్మోస్టాట్ వాల్వు ఉండదు. ఆ వాల్వు తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందని ఎప్పుడో ఒక మెకానిక్ పీకేసి ఉంటాడు. మళ్ళీ పెట్టించండి, ఎవరు నవ్వినా సరే. అది సుమారు 80 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. గిన్నెలో నీళ్ళు కాచి, థర్మామీటర్ పక్కన దారంతో వేలాడదీస్తే తెరుచుకోవడం కళ్ళారా చూడొచ్చు. అది లేని ఇంజన్ వేడెక్కడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, ఆ లోపల పెట్రోలు వృథా అవుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. వేసవి వేడికి వాల్వు తీసెయ్యాల్సి వస్తోందంటే కారణం ఒండ్రు. ఒండ్రు తీశాక ఆ సాకు లేదు.

ఆ తర్వాత కూలెంట్. పాత బండికి కూలెంట్ పోస్తే కారడం మొదలవుతుందని ఒక మాట ప్రచారంలో ఉంది. కారేచోట తుప్పే అడ్డు నిలిచి ఉంటే, శుభ్రం చేసే గుణమున్న ద్రవం దాన్ని కదిలించి చిల్లుని బయటపెట్టొచ్చు. పెట్టనివ్వండి. దాచుకున్న చిల్లుతో తిరగడం కంటే తెలిసిన చిల్లుని మూయడం మేలు. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి పొయ్యండి. మనకి గడ్డకట్టే భయం లేకపోయినా అందులోని తుప్పు నిరోధక మందు కోసం పొయ్యాలి. ఆ మందు కాలంతో చచ్చుబడుతుంది కాబట్టి పాతరకం పచ్చ కూలెంట్‌ని రెండేళ్ళకోసారి మార్చాలి. తీసిన పాత ద్రవాన్ని ఆరుబయట గిన్నెలో వదలకండి. తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొద్దిగా తాగినా మూత్రపిండాలు చెడి చచ్చిపోతాయి.

బండి చేతికొచ్చిన రోజే దూరప్రయాణం పెట్టుకోకండి. బాగా వేడెక్కేదాకా ఊళ్ళోనే తిప్పి, రాత్రంతా వదిలేసి, తెల్లారి స్టార్ట్ చెయ్యకముందే ప్రతి మూత కిందా పొడి గుడ్డ పెట్టి తుడిచి చూడండి. వేడి మీద ఆవిరైపోయే చెమ్మ చల్లారాకే దొరుకుతుంది.

ఇంత ఖర్చు ఇప్పుడు పెట్టలేమనేవాళ్ళుంటారు. వాళ్ళకీ నా మాట మారదు. ఒక్క మూత మార్చి నడిపే బదులు డబ్బు కూడేదాకా బండిని షెడ్డులో నిలబెట్టండి. నీళ్ళు మొత్తం వదిలేసి మాత్రం నిలబెట్టకండి. తడిసిన ఇనుముకి గాలి తగిలితే నీళ్ళలో ఉన్నప్పటికన్నా వేగంగా తుప్పు పడుతుంది. కారే కన్నానికి రబ్బరు ప్లగ్ బిగించి, కూలెంట్ నింపి, మట్టం తగ్గినప్పుడల్లా పోస్తూ ఉండండి. బండిని షెడ్డు దాకా చేర్చడం కాక రబ్బరు ప్లగ్‌కి నేనొప్పుకునే వాడకం ఇదొక్కటే, అదీ తాళంచెవి ఇంట్లో వాళ్ళెవరికీ అందకుండా దాచిపెడితేనే.